దుబాయి చట్టం, ఊరి చట్టం: ఎమిరేట్స్‌లో మనవారి కుటుంబ వ్యవహారాలు

సరిహద్దు గ్రామాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారిలో అధికులు ఒంటరిగా వెళ్లినవారే. భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు ఊరిలోనే ఉంటారు. ఈ కారణముననే అక్కడి కుటుంబ చట్టంతో మనకేమి పని అని చాలామంది అనుకుంటారు. పని ఉన్నది. భర్త దుబాయిలో విడాకులు కోరవచ్చు. బిడ్డతో తిరిగి వచ్చిన కోడలిపై అక్కడ వ్యాజ్యం నడవవచ్చు. అక్కడ మరణించిన కుమారుని బ్యాంకు సొమ్ము ఎవరికి చెందాలో అక్కడి న్యాయమూర్తి నిర్ణయించవచ్చు. ఒకే కుటుంబం ఒకే సమయంలో రెండు చట్టాల క్రింద నిలుస్తుంది. ఒక చోట పొందిన తీర్పు రెండవ చోట దానంతట అదే చెల్లదు. ఈ వ్యాసం ముఖ్యంగా చెప్పదలచిన విషయం ఇదే.

గల్ఫ్ అంటే ఒక దేశం కాదు. కువైట్, సౌదీ అరేబియా, ఖతార్, ఒమాన్, బహ్రెయిన్ దేశాలకు వేర్వేరు చట్టాలు ఉన్నవి. ఇక్కడ వివరిస్తున్నది దుబాయి, అబూధాబీ, షార్జా తదితర ఏడు ఎమిరేట్లు కలిసిన ఐక్య అరబ్ ఎమిరేట్స్ సంగతి మాత్రమే. కువైట్‌లో ఉన్న బంధువు విషయంలో దీనిని ప్రమాణంగా తీసుకొనరాదు.

రెండు చట్టాలు ఎట్లు వచ్చినవి

2005లో ఎమిరేట్స్ ప్రభుత్వం 28వ నంబరు ఫెడరల్ చట్టాన్ని చేసినది. వివాహం, విడాకులు, పిల్లల పెంపకం, వారసత్వం అన్నీ అందులో షరియత్ సూత్రాల ప్రకారం ఉండేవి. విదేశీయులు తమ దేశపు చట్టాన్ని వర్తింపజేయమని కోరుకొనవచ్చునని ఆ చట్టంలోనే ఉన్నప్పటికీ, అట్లు కోరాలంటే ఆ చట్టం మొత్తాన్ని అరబ్బీలోకి అనువదింపజేసి ధ్రువీకరించి కోర్టుకు సమర్పించవలసి ఉండేది. కూలి పనికి వెళ్లిన మనిషికి అది అందని పండు.

2021లో అబూధాబీ ఎమిరేట్ ముస్లిమేతరుల కోసం ప్రత్యేకంగా 14వ నంబరు చట్టాన్ని చేసి, సివిల్ కుటుంబ న్యాయస్థానాన్ని నెలకొల్పినది. దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం తరువాత వచ్చినది. అది 2022 నాటి 41వ నంబరు డిక్రీ చట్టం. 2023 ఫిబ్రవరి 1 నుండి అమలులో ఉన్నది. హిందువులు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు అందరూ దీని క్రిందికి వస్తారు. అయితే భార్యాభర్తలలో ఏ ఒక్కరైనా తమ స్వదేశపు చట్టాన్ని వర్తింపజేయమని కోరే హక్కును ఈ చట్టం నిలిపి ఉంచినది. ఈ ఒక్క వాక్యం మన పాఠకులకు ఎంత ముఖ్యమో ముందు ముందు తెలుస్తుంది.

ముస్లిములకు 2005 చట్టం స్థానంలో 2024 నాటి 41వ నంబరు డిక్రీ చట్టం వచ్చినది. ఇది 2025 ఏప్రిల్ 15 నుండి అమలులోకి వచ్చినది. రెండు చట్టాలకూ నంబరు 41 కావడం యాదృచ్ఛికం. వకీలుతోగాని, టైపింగ్ సెంటర్‌లోగాని మాట్లాడేటప్పుడు నంబరుతో పాటు సంవత్సరం కూడా చెప్పడం మంచిది.

వివాహం

ముస్లిమేతరుల చట్టం ప్రకారం వధూవరులిద్దరికీ 21 ఏండ్లు నిండి ఉండాలి. ఇద్దరూ న్యాయమూర్తి ఎదుట స్వయంగా సమ్మతి తెలుపాలి. గతంలో వివాహమై ఉంటే ఆ వివరం నిర్ణీత పత్రంలో వెల్లడించాలి. కన్య తరఫున తండ్రి సమ్మతి అవసరం లేదు. ముస్లిముల చట్టంలో కనీస వయస్సు 18. మెహర్, సాక్షులు మొదలగు నికా నియమాలు యథాతథంగా ఉంటాయి. భారత రాయబార కార్యాలయంలో మన 1969 విదేశీ వివాహ చట్టం క్రింద వివాహం చేసుకొనే మార్గం కూడా ఉన్నది. అందులో వరునికి 21, వధువుకు 18 ఏండ్లు చాలును. ముందుగా 30 రోజుల నోటీసు ఇవ్వవలసి ఉంటుంది.

మనవారిలో ఎక్కువమంది పెళ్లి ఊరిలోనే చేసుకొని వెళతారు కాబట్టి అసలు సమస్య వివాహంలో కాక దాని నమోదులో వస్తున్నది. భార్యకు వీసా తీయాలన్నా, అక్కడ పుట్టిన బిడ్డకు జనన పత్రం పొందాలన్నా, రేపు భర్త మరణిస్తే సొమ్ము అడగాలన్నా మొదట చూపవలసినది వివాహ ధ్రువపత్రం. వివాహాలన్నిటినీ విధిగా నమోదు చేయాలని 2006లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించినది. తమిళనాడు 2009లో ఇందుకై ప్రత్యేక చట్టం చేసినది. ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టం ద్వారా, మహారాష్ట్రలో 1998 చట్టం ద్వారా నమోదు విధానం ఉన్నది. అయినా కల్యాణ మండపం రసీదు, శుభలేఖ, ఫోటో ఆల్బం ఉంటే చాలునని నమ్మే ఇండ్లు ఇంకా ఉన్నవి. అవి సాక్ష్యానికి తోడ్పడవచ్చును గాని, వీసా కార్యాలయం వాటిని తాకదు.

మేనరికం గురించి ఒక మాట. మేనమామను పెండ్లాడే ఆచారం మన ప్రాంతాలలో చిరకాలంగా ఉన్నది. హిందూ వివాహ చట్టం ఆచారం ఉన్నచోట దానిని అంగీకరిస్తుంది. ముస్లిం ధర్మశాస్త్రంలో మేనమామతో వివాహం పూర్తిగా నిషిద్ధం. కావున హిందువులలో అట్టి వివాహాలను ఆచారం తెలిసిన స్వగ్రామంలోనే జరిపి, అక్కడనే నమోదు చేయించుకొనడం క్షేమం.

విడాకులు

అన్నిటికన్నా ఎక్కువ చిక్కులు వచ్చేది ఇక్కడనే. ముస్లిమేతరుల చట్టంలో విడాకులు కోరేవారు ఎదుటివారి తప్పును నిరూపించనక్కరలేదు. కలసి ఉండజాలనని ఒక్కరు చెప్పినా చాలును. సయోధ్య సమితికి పంపనవసరం లేకుండా మొదటి వాయిదాలోనే విడాకులు మంజూరు కావచ్చు. ఎదుటి పక్షానికి నోటీసు ఇస్తారు గాని, ఎస్ఎంఎస్, ఈమెయిల్ ద్వారా నోటీసులు పంపే పద్ధతి అక్కడి కోర్టులలో ఉన్నది. కర్నాటక పల్లెలోని భార్య ఫోనుకు అరబ్బీలోనో, ఆంగ్లంలోనో వచ్చిన సందేశం ఆమె సంసారానికి సంబంధించిన కోర్టు నోటీసు కావచ్చునన్నమాట.

అట్లు పొందిన విడాకులు ఇక్కడ చెల్లుతాయా? దీనికి సమాధానం 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఉన్నది. అది తెలుగువారి వ్యాజ్యమే. 1975లో తిరుపతిలో హిందూ సంప్రదాయం ప్రకారం వివాహమైన జంటలో భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్ర కోర్టు నుండి విడాకులు తెచ్చుకొని మరల పెళ్లి చేసుకొన్నాడు. మొదటి భార్య ద్విభార్యాత్వ నేరం మోపినది. విదేశీ కోర్టు తీర్పు ఆమెను బంధించదని సుప్రీంకోర్టు చెప్పినది. ఏ చట్టం క్రింద వివాహం జరిగినదో ఆ చట్టంలో ఉన్న కారణం మీదనే విడాకులు ఇచ్చి ఉండాలి. ఎదుటి పక్షం స్వచ్ఛందంగా ఆ కోర్టుకు హాజరై వాదించి ఉండాలి, లేదా విడాకులకు సమ్మతించి ఉండాలి. ఇదీ ఆ తీర్పు సారాంశం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ దీనికి ఆధారం.

హిందూ వివాహ చట్టంలో క్రూరత్వం, రెండేండ్లకు తక్కువ కాని పరిత్యాగం, వ్యభిచారం, మతాంతరీకరణ మొదలగు కారణాలు ఉన్నవి. ‘కలసి ఉండజాలను’ అన్నది ఒక్కటే కారణంగా అందులో లేదు. కాబట్టి దుబాయిలో ఒంటి పక్షాన తెచ్చుకొన్న విడాకుల కాగితంతో ఊరికి వచ్చి రెండవ పెళ్లి చేసుకొన్న పురుషుడు అక్కడి చట్టం దృష్టిలో అవివాహితుడు, ఇక్కడి చట్టం దృష్టిలో మొదటి భార్యకు భర్త. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ క్రింద ద్విభార్యాత్వానికి ఏడేండ్ల వరకు శిక్ష పడవచ్చు. ఆ కాగితాన్ని చూసి పిల్లనిచ్చిన రెండవ కుటుంబం కూడా మోసపోయినట్లే. గల్ఫ్ నుండి విడాకులు పొందినానని చెప్పే వరుని విషయంలో ఆడపిల్ల తల్లిదండ్రులు ఆ తీర్పు ప్రతిని ఒక వకీలుకు చూపవలెను. మొదటి భార్య అందులో హాజరైనదా, సమ్మతించినదా అనునది చూడవలసిన మొదటి అంశం.

నోటీసు అందుకొన్న భార్య ఏమి చేయాలి? రెండు పొరపాట్లు జరుగుతున్నవి. మొదటిది, అర్థం కాని కాగితంపై పెద్దల మాట మీద సంతకం చేయడం. ఆ సంతకమే రేపు సమ్మతిగా మారుతుంది. రెండవది, దానిని పట్టించుకొనకుండా వదిలివేయడం. వదిలివేస్తే తీర్పు ఇక్కడ చెల్లకపోవచ్చును గాని, ఎమిరేట్స్‌లోని జీతం, గ్రాట్యుటీ, పిల్లల వీసా వంటివి అక్కడి తీర్పు ప్రకారమే నడుస్తాయి. మా అభిప్రాయంలో, ఆమె ఒక వకీలు ద్వారా ‘మా వివాహం భారతీయ చట్టం క్రింద జరిగినది, ఆ చట్టమే వర్తింపజేయండి’ అని ఆ కోర్టుకు తెలియజేయడం ఉత్తమం. 2022 చట్టం ఇచ్చిన అవకాశం అదే. అబూధాబీ ఎమిరేట్‌కు తన సొంత చట్టం ఉన్నందున అక్కడి వ్యాజ్యమైతే అక్కడి వకీలు సలహా తప్పదు.

ఇద్దరికీ విడిపోవాలని ఉంటే పరస్పర సమ్మతి మార్గమే చవక, నిశ్చింత. హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ ప్రకారం ఇక్కడి కుటుంబ కోర్టులోనే దాఖలు చేయవచ్చు. ఆరు నెలల నిరీక్షణ గడువును తగిన సందర్భాలలో మినహాయించవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పినది.

ముస్లిం దంపతుల విషయంలో ఎమిరేట్స్‌లో తలాక్ చెప్పిన భర్త 15 రోజులలోగా కోర్టులో దానిని నమోదు చేయించాలని 2024 చట్టం నిర్దేశించినది. భార్య ఖులా ద్వారాగాని, బాధ పెట్టిన కారణం చూపిగాని విడాకులు కోరవచ్చు. ఇక మన దేశంలో ఒక్కసారిగా చెప్పే తక్షణ మూడు తలాక్‌లను 2019 చట్టం చెల్లనివిగా, నేరంగా చేసినది. మూడేండ్ల వరకు జైలు శిక్ష ఉన్నది. ఫోనులోగాని, వాట్సాప్‌లోగాని పంపినా అంతే. అట్టి సందేశం వచ్చిన స్త్రీ దానిని చెరిపివేయక దాచి ఉంచవలెను; అది ఆమెకు సాక్ష్యం. భర్త జాడ నాలుగేండ్లుగా తెలియకపోయినా, రెండేండ్లుగా పోషణ ఇవ్వకపోయినా ముస్లిం స్త్రీ ఇక్కడి కోర్టులో వివాహ రద్దు కోరవచ్చునని 1939 చట్టం నాడే చెప్పినది. గల్ఫ్ వెళ్లి మాట లేకుండా పోయిన భర్తల కోసం ఏండ్ల తరబడి ఎదురుచూసే స్త్రీలకు ఈ పాత చట్టం గురించి చెప్పేవారు తక్కువ.

మనోవర్తి

ముస్లిమేతరుల చట్టంలో విడాకుల తరువాత భార్య మనోవర్తి కోరవచ్చు. వివాహం ఎన్నేండ్లు సాగినది, ఆమె వయస్సు, ఇద్దరి ఆర్థిక స్థితి, సంసారం చెడడంలో భర్త పాత్ర ఎంత, పిల్లల పెంపకంలో ఆమె శ్రమ ఎంత అనునవి న్యాయమూర్తి చూస్తారు. మరల వివాహం చేసుకొంటే అది ఆగిపోతుంది. ముస్లిం చట్టంలో ఇద్దత్ కాలపు పోషణ, పిల్లల పోషణ, చెల్లించక మిగిలిన మెహర్ ఉంటాయి.

అయితే ఊరిలో ఉన్న భార్యకు దగ్గరి దారి ఇక్కడి కోర్టే. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ (2024 జూలై 1కి ముందు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్) క్రింద ఆమె తాను నివసించే చోటనే అడగవచ్చు. మతంతో నిమిత్తం లేదు. విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి కూడా 125వ సెక్షన్ వర్తిస్తుందని 2024 జూలై 10న తెలంగాణకు చెందిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది.

సరిహద్దు కుటుంబాలకు ఇంకొక సౌకర్యం ఉన్నది. పుట్టినిల్లు చిత్తూరు జిల్లాలో, మెట్టినిల్లు కోలారు జిల్లాలో ఉన్న స్త్రీ వివాహ సంబంధ వ్యాజ్యాన్ని తాను ప్రస్తుతం నివసించే చోటనే వేయవచ్చునని 2003లో హిందూ వివాహ చట్టానికి చేసిన సవరణ చెబుతున్నది. భర్త వేరే రాష్ట్రంలో ముందుగా వ్యాజ్యం వేసి ఉంటే దానిని మార్పించుకొనుటకు సుప్రీంకోర్టుకే పోవాలి. ఒక రాష్ట్రపు హైకోర్టు మరొక రాష్ట్రానికి మార్చజాలదు. తెలియని భాషలో నడిచే కోర్టులో నిలబడవలసి రావడం మన ఆడపడుచులకు కొత్త కాదు గాని, ఈ సవరణను ముందుగా వాడుకొంటే ఆ అవస్థ కొంత తప్పుతుంది.

ఎమిరేట్స్ కోర్టు సొమ్ము చెల్లించమని ఇచ్చిన తీర్పును ఇక్కడి జిల్లా కోర్టులో నేరుగా అమలు చేయించుకొనవచ్చు. 2020 జనవరిలో భారత ప్రభుత్వం సివిల్ ప్రొసీజర్ కోడ్ 44-ఎ సెక్షన్ క్రింద ఎమిరేట్స్‌ను గుర్తించినందున ఇది సాధ్యమైనది. ఇక్కడి తీర్పును అక్కడ అమలు చేయించుటకు 1999లో రెండు దేశాల మధ్య కుదిరిన న్యాయ సహకార ఒప్పందం ఆధారం. ఆ దారి ఉన్నది గాని, పొడవైనది.

పిల్లలు

కుటుంబాన్ని వెంట తీసుకొనిపోవుటకు నెలకు 4,000 దిర్హాముల జీతం, లేదా 3,000 దిర్హాముల జీతంతో పాటు వసతి ఉండాలి. అంత సంపాదన ఉన్న ఇండ్లలోనే పిల్లల తగవులు అక్కడి కోర్టుకు చేరతాయి.

ముస్లిమేతరుల చట్టంలో విడాకుల తరువాత కూడా బిడ్డకు 18 ఏండ్లు వచ్చువరకు తల్లిదండ్రులిద్దరికీ పెంపకంలో సమాన హక్కు. ఒక్కరికే ఇవ్వాలని కోరితే న్యాయమూర్తి బిడ్డ మేలును చూస్తారు. ముస్లిముల పాత చట్టంలో మగబిడ్డకు 11, ఆడబిడ్డకు 13 ఏండ్లు వచ్చువరకు తల్లి పెంపకం ఉండేది. 2024 చట్టం ఇద్దరికీ 18 చేసినది. 15 ఏండ్లు నిండిన బిడ్డ ఎవరి వద్ద ఉండాలో తానే ఎంచుకొనవచ్చు. తల్లిగాని తండ్రిగాని బిడ్డతో ఒంటరిగా సంవత్సరానికి 60 రోజుల వరకు విదేశ ప్రయాణం చేయవచ్చునని కూడా అందులో ఉన్నది.

తగవు మొదలయిన తరువాత బిడ్డ ప్రయాణాన్ని నిలిపివేయమని అక్కడి కోర్టును కోరే వీలున్నది. విమానాశ్రయంలో తెలిసే సంగతులలో ఇది ఒకటి. మరొక వైపు, బిడ్డను తీసుకొని ఊరికి వచ్చేసిన తల్లి విషయంలో 1980 నాటి హేగ్ ఒప్పందం పనిచేయదు. భారతదేశంగాని, ఎమిరేట్స్‌గాని అందులో చేరలేదు. ఇక్కడి కోర్టులు విదేశీ ఉత్తర్వును పరిగణిస్తాయి గాని, చివరకు బిడ్డ క్షేమమే నిర్ణాయకం. హిందువులలో ఐదేండ్ల లోపు బిడ్డ సాధారణంగా తల్లి వద్దనే ఉండాలని 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం చెబుతున్నది.

మరణం, సొమ్ము, వాటాలు

మరణవార్త వచ్చిన ఇంటిలో వాటాల మాట ఎత్తడం కష్టమే. అయినా లెక్క ముందుగా తెలిసి ఉంటే అత్తాకోడళ్ల మధ్య తరువాతి కలహం కొంత తగ్గుతుంది. మరణించిన వ్యక్తికి తండ్రి లేడు, తల్లి, భార్య, ఒక కుమారుడు, ఒక కుమార్తె ఉన్నారు, వీలునామా లేదు, ఎమిరేట్స్‌లో 72,000 దిర్హాములు ఉన్నవి అనుకొందాం.

ఎమిరేట్స్‌లోని ముస్లిమేతరుల చట్టం వర్తిస్తే భార్యకు సగం, అనగా 36,000. మిగిలిన సగం పిల్లలకు సమానంగా, తలా 18,000. కుమారుడు, కుమార్తె అనే భేదం లేదు. తల్లికి ఏమీ లేదు. అదే సొమ్ముకు భారతీయ హిందూ వారసత్వ చట్టం వర్తింపజేస్తే తల్లి, భార్య, కుమారుడు, కుమార్తె నలుగురికీ తలా 18,000. మృతుడు క్రైస్తవుడై, 1925 భారతీయ వారసత్వ చట్టం వర్తిస్తే భార్యకు మూడవ వంతు 24,000, పిల్లలకు తలా 24,000, తల్లికి లేదు. సున్నీ ముస్లిం అయితే తల్లికి ఆరవ వంతు 12,000, భార్యకు ఎనిమిదవ వంతు 9,000, మిగిలిన 51,000లో కుమారునికి 34,000, కుమార్తెకు 17,000.

హిందూ కుటుంబంలో పిల్లల వాటా రెండు చట్టాలలోనూ ఒకటే అయినదని గమనించండి. తేడా అంతా భార్యకూ తల్లికీ మధ్యనే. ఏ వారసుడైనా మృతుని స్వదేశ చట్టాన్ని వర్తింపజేయమని కోరే హక్కు 2022 చట్టంలో ఉన్నది, నమోదైన వీలునామా అందుకు విరుద్ధంగా లేనప్పుడు. కొడుకు పంపే సొమ్ముతోనే బ్రతికిన ముదుసలి తల్లికి ఈ హక్కు ఉన్నదని ఎవరైనా చెప్పాలి. చెప్పకుండానే కోడలి పేరిట ఆదేశం తీసుకొనడం చట్టప్రకారం తప్పు కాకపోవచ్చును గాని, న్యాయం అనిపించుకొనదు.

ఊరిలోని పొలం, ఇల్లు మాత్రం ఎమిరేట్స్ చట్టం పరిధిలోకి రావు. వాటికి ఇక్కడి చట్టమే. ముస్లిముల వ్యవసాయ భూమికి 1937 షరియత్ చట్టం మినహాయింపు ఇచ్చినది. పూర్వపు మద్రాసు రాష్ట్రం 1949లో ఆ మినహాయింపును తొలగించినది. కావున కృష్ణగిరి వైపు ఉన్నవారికీ, బీదర్ వైపు ఉన్నవారికీ లెక్క ఒకటే అనుకొనరాదు. యానాం పాఠకులలో పూర్వీకులు ఫ్రెంచి కాలంలో స్వీయ ధర్మశాస్త్రాన్ని విడిచి ఫ్రెంచి సివిల్ కోడ్‌ను స్వీకరించిన ‘రెనోన్సాంట్’ కుటుంబాలు ఉంటే వారికి హిందూ వారసత్వ చట్టం వర్తించదు. ఆ సంగతి వకీలుకు ముందే చెప్పవలెను.

వీలునామా ఉంటే ఈ చిక్కులు చాలావరకు ఉండవు. ముస్లిమేతరులు ఎమిరేట్స్‌లోని ఆస్తి మొత్తాన్ని కోరినవారికి వ్రాయవచ్చు. అబూధాబీ న్యాయ శాఖలోనూ, దుబాయి కోర్టులలోనూ, 2015 నుండి దుబాయి అంతర్జాతీయ ఆర్థిక కేంద్రంలోని వీలునామాల కార్యాలయంలోనూ నమోదు చేయించుకొనవచ్చు. ముస్లిములు మూడవ వంతుకు మించి వీలునామా వ్రాయజాలరు.

వారసత్వంతో పాటు కార్మిక చట్టం ఇచ్చే సొమ్ము వేరుగా ఉన్నది. 2021 నాటి 33వ నంబరు డిక్రీ చట్టం ప్రకారం కార్మికుడు మరణిస్తే అతనికి రావలసిన జీతం, గ్రాట్యుటీ పది రోజులలో కుటుంబానికి చెల్లించాలి. గ్రాట్యుటీ మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ పైన ఏడాదికి 30 రోజుల మూల వేతనం. పని ప్రమాదంలో మరణిస్తే 24 నెలల మూల వేతనం పరిహారం. అది 18,000 దిర్హాములకు తగ్గరాదు, 2,00,000కు మించరాదు. భౌతికకాయాన్ని స్వదేశానికి పంపే ఖర్చు యజమానిది. యజమాని ముందుకు రాకపోతే భారత రాయబార కార్యాలయాలలో 2009 నుండి ఉన్న భారతీయ సముదాయ సంక్షేమ నిధి నుండి సహాయం కోరవచ్చు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. ఆ పాలసీ ప్రతి ఒకటి ఇంటిలో ఉండవలెను.

కాగితాలు

భారతదేశం అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నది గాని ఎమిరేట్స్ లేదు. అందువలన ఇక్కడి వివాహ, జనన, వారసత్వ పత్రాలు మొదట పత్రం ఇచ్చిన రాష్ట్ర ప్రభుత్వ శాఖలో, తరువాత విదేశాంగ శాఖలో, ఆ పైన ఎమిరేట్స్ రాయబార కార్యాలయంలో, చివరకు ఆ దేశపు విదేశాంగ శాఖలో ధ్రువీకరణ పొందాలి. అరబ్బీ అనువాదం అక్కడి గుర్తింపు పొందిన అనువాదకునిచే చేయించాలి. పత్రం కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటే ముందుగా ఆంగ్లంలోకి మార్పించాలి. వారసత్వ పత్రానికి కర్నాటకలో వంశవృక్షమనీ, తమిళనాడులో వారిసు పత్రమనీ, ఆంధ్రలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రమనీ పేర్లు. తహసీల్దారు కార్యాలయంలో ఇస్తారు. పెద్ద మొత్తాలకు విదేశీ కోర్టులు దీనితో తృప్తి పడకపోవచ్చు; అప్పుడు సివిల్ కోర్టు నుండి 1925 చట్టం క్రింద వారసత్వ సర్టిఫికెట్ తీసుకొనవలెను.

సరిహద్దువారిని అందరికన్నా ఎక్కువగా వేధించేది పేరు. తెలుగు ఇంటిపేరు బడి రికార్డులో ఒక అక్షరంగా, తమిళ రేషన్ కార్డులో తండ్రి పేరుగా, పాస్‌పోర్టులో చివరి పేరుగా నిలుస్తుంది. ‘సరస్వతమ్మ’ ఒక కాగితంలో ‘సరస్వతి’, మరొక దానిలో ‘సరసమ్మ’. ఇక్కడ అందరికీ ఒక్కరేనని తెలుసు. అరబ్బీలోకి మారిన తరువాత అది ముగ్గురు స్త్రీలు. ఒక్కటే పేరు ఉన్న పాస్‌పోర్టుతో సందర్శక వీసాపై ప్రవేశాన్ని ఎమిరేట్స్ 2022 నవంబరు నుండి నిరాకరిస్తున్నది. ప్రయాణానికి ముందే భార్యాభర్తల ఆధార్, పాస్‌పోర్టు, వివాహ ధ్రువపత్రాలలో పేర్లు, పుట్టిన తేదీలు పక్కపక్కన పెట్టి సరిచూసి, తేడా ఉంటే సవరింపజేసుకొనడం మనిషి బ్రతికి ఉండగా ఒక వారం పని. మరణించిన తరువాత అది కోర్టు పని.

వకీలు ఫీజు ఇవ్వలేనివారు జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. వెళ్లేటప్పుడు వివాహ ధ్రువపత్రం, భర్త పాస్‌పోర్టు, వీసా ప్రతులు, అతడు పనిచేసే కంపెనీ పేరు, బ్యాంకు ద్వారా సొమ్ము పంపిన రసీదులు, వచ్చిన సందేశాలు ఉన్న ఫోను తీసుకొనిపోవలెను.